స్టిక్కర్ల పని: యంత్రము కొనుటకు ముందు

తిరుపతిలో అలిపిరి తనిఖీ ద్వారమునొద్ద ఒక్క గడియసేపు నిలిచి కొండకు పోవు బండ్లను చూచినయెడల, బొమ్మ లేని బండి అరుదుగా కనబడును. ఒకదాని వెనుక అద్దముపై తిరునామము, ఒకదానిపై శంఖచక్రములు, వేఱొకదానిపై పిల్లల పేర్లు. 1944వ సంవత్సరమున మొదటి ఘాటురోడ్డు ఏర్పడినది మొదలు మోటారుబండ్లు కొండ నెక్కుచునే యున్నవి. బండి బండికిని ఈ అలంకారము మాత్రము ఇటీవలి వాడుక. ఈ బొమ్మలను కోసి అంటించు అంగళ్లను మనవారు "రేడియం షాపు" లందురు. నిజమునకు అందు రేడియ మేమియు లేదు. మేరీ క్యూరీయు ఆమె భర్త పియేరును 1898లో కనుగొనిన ఆ మూలకము పేరును, చీకటిలో మెఱయు ప్రతి వస్తువునకును పెట్టుట మనకు అలవాటైపోయినది. అంగడిలో కోయబడునది వినైల్ అను ప్లాస్టికు పొర.

ఈ పనిని ఇంటియొద్దనే చేయవచ్చునా, చేయుటకు ఏ యంత్రము కొనవలెను అని సోదరీమణులు కొందఱు మమ్ము అడుగుచున్నారు. చేయవచ్చును. పిల్లలు బడికి పోయిన పిమ్మట దొరకు మూడు నాలుగు గంటలలో, ఒక బల్లయు, ఒక కంప్యూటరును ఉన్న ఇంట, ఈ పని చక్కగా సాగును. కాని యంత్రమును గూర్చిన ప్రశ్న కడపట అడుగవలసినది. దానిని మొదట అడిగినందువలన కలిగిన నష్టమును మేము కన్నులార చూచితిమి.

మా వీధిలోని యొక సోదరి తన మెడలోని గొలుసు కుదువబెట్టి, అమ్మువాని మాట నమ్మి, మొట్టమొదటనే రంగులు ముద్రించు పెద్ద యంత్రమును కొనెను. దానికే సొమ్మంతయు చెల్లినందున వినైల్ మాత్రము చౌకలో చౌకది తెచ్చెను. బ్రహ్మోత్సవముల నెలలో బేరము బాగుగనే సాగినది. మఱుసటి వేసవి గడచునప్పటికి బొమ్మల అంచులు ముడుచుకొని, చుట్టును నల్లని జిగురు గీత తేలి, కొనలు పైకి లేచినవి. ఒకనాడొక వృద్ధుడు, ఊడిపోయిన తిరునామమును కాగితములో పొట్లము గట్టి తెచ్చి, "అమ్మా, సొమ్ము నాకక్కఱలేదు. దీనిని నేనెక్కడ పడవేయుదును?" అని అడిగెను. ఆమె బదులు చెప్పలేకపోయెను. ఆ ప్రశ్న మాకును నాటుకొన్నది. అందుచేత మేమీ పని తెలిసినవారిని అడిగి, చేసి చూచి నేర్చుకొనిన దానిని ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదట చోటు

స్టిక్కరు ఎచ్చట నివసింపవలెనో అదియే మొదటి ప్రశ్న. బియ్యపు డబ్బామీదనా, బడిపిల్లవాని పుస్తకముమీదనా, అంగడి అద్దముమీదనా, ఎండలో నిలుచు మోటారు సైకిలుమీదనా, గుండ్రని హెల్మెటుమీదనా? తిరుపతిలో వేసవి యెండ 40 డిగ్రీలు దాటును. ఎండలో నిలిపిన బండి రేకు అంతకంటెను మిక్కిలి కాలును. అదే బండి గంటలోపల సుమారు 2,800 అడుగుల ఎత్తున నున్న తిరుమల చేరి, అచ్చటి చలిలో, మంచులో, వానలో తడియును. ఒక్క దినములోనే ఇంత మార్పును ఓర్చుకొనవలసిన బొమ్మకు, వంటయింటి డబ్బాపై ఉండు బొమ్మకు ఒకే సరకు తగదు.

పిదప సరకు

వినైలనగా పాలీవినైల్ క్లోరైడు. నీళ్ల గొట్టములకు వాడు పీ.వీ.సీ. యే. జర్మనీ దేశమున 1872లో బౌమన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు దీనిని కనుగొనెను. అది కఱకుగా నుండి ఎందుకును పనికిరాకుండెను. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ అనునాతడు దానిని మెత్తబఱచు ద్రవ్యములను కలుపు విధమును కనిపెట్టిన తరువాతనే అది వంగు వస్తువయ్యెను. వెనుక కాగితమునుండి ఒలిచి అంటించు లేబులును 1935లో స్టాంటన్ ఎవరీ అను అమెరికా దేశస్థుడు వ్యాపారములోనికి తెచ్చెను. ఈ రెండును కలిసినదే నేటి స్టిక్కరు.

అంగడిలో వినైల్ ముఖ్యముగా మూడు విధములుగా దొరకును. వీని భేదమును మన వంటయింటి మాటలలోనే చెప్పవచ్చును. పూరీ పిండిని కఱ్ఱతో ఒత్తినప్పుడు అది సాగును గాని, చేయి తీసినంతనే కొంచెము వెనుకకు ముడుచుకొనును. పెనముమీద పోసిన దోసె అట్లుగాదు. పోసిన చోటనే నిలుచును. వేడి ఉరుళ్ల నడుమ ఒత్తి చేసిన వినైలును "క్యాలెండర్డ్" అందురు. అది పూరీ వంటిది, ఎండ తగిలినకొలది తన పూర్వపు కొలతకు పోజూచును. ద్రవముగా పోసి ఆరబెట్టి చేసినది "కాస్ట్" వినైల్. అది దోసె వంటిది, పోసిన కొలతలోనే యుండును.

ఒత్తిన దానిలో మరల రెండు రకములు కలవు. "మోనోమెరిక్" అను చౌక రకములో మెత్తబఱచు ద్రవ్యము చిన్న అణువులతో కూడినది. అది వేగముగా బయటికి జాఱిపోవును. అప్పుడు పొర బిగిసి, ముడుచుకొని, పెళుసై పోవును. ఎండలో దీని ఆయువు రెండు మూడేండ్లని తయారుచేయువారు చెప్పెదరు. మన యెండలో అంతకు తక్కువయే అని తలచుట మేలు. "పాలిమెరిక్" రకములో ఆ ద్రవ్యము పెద్ద అణువులు గలది. అది నిలిచి యుండును. కావున అయిదేడేండ్ల మాట చెప్పెదరు. కాస్ట్ రకము అంతకంటెను ఎక్కువ కాలము మన్ను, ధరయు అట్లే ఎక్కువ.

ఇచ్చట మనము మోసపోవు చోటొకటి కలదు. బట్ట కొనునప్పటి అలవాటు చొప్పున మనము పొరను వ్రేళ్లతో నలిపి, దళసరిది గట్టిదనుకొందుము. వినైల్ విషయమున ఇది తలక్రిందులు. చౌక రకము 80 మొదలు 100 మైక్రానుల మందముండును. శ్రేష్ఠమైన కాస్ట్ వినైల్ సుమారు 50 మైక్రానులే. పలుచగా నుండుటచేతనే అది బండి వంపులకు, రివెట్లకు ఒదిగి కూర్చుండును. కావున చేతి స్పర్శను నమ్మక, చుట్టపై వ్రాసిన రకమును చదువవలెను. వ్రాత లేని చుట్టను ఎంత చౌకయైనను కొనరాదు.

డబ్బాలకు, పుస్తకములకు, గోడలకు చౌక రకము చాలును. చదునైన బండి రేకునకు, అంగడి అద్దమునకు పాలిమెరిక్ తగును. హెల్మెటు వంటి గుండ్రని వానికి కాస్ట్ తప్ప మఱియొకటి పనికిరాదు. జిగురులోను భేదములున్నవి. అద్దెయింటి గోడకు సులభముగా ఊడు జిగురు, బండికి విడువని జిగురు. పాత వ్రాతపై క్రొత్తది అంటింపవలసివచ్చినచో, క్రింది రంగు కనబడకుండ జిగురు బూడిదరంగుగా నున్న వినైలును అడిగి తీసికొనుడు.

ఇవి యన్నియు ఇతరుల మాటపై నమ్మనక్కఱలేదు. నాలుగు రకముల ముక్కలను ఒకే కొలతతో కోసి, ఒక పాత ఇనుప రేకుపై అంటించి, ప్రతిదాని అంచు వెంబడి సన్నని గీత గీసి, మిద్దెమీద ఎండలో పెట్టుడు. ఉగాదినాడు పెట్టి వినాయక చవితినాడు తీసి చూడుడు. ఏ ముక్క గీతనుండి ఎంత వెనుకకు తగ్గినదో కంటికే కనబడును. ఈ పరీక్షకు అయ్యెడి ఖర్చు అత్యల్పము. మా వీధి సోదరి దీనిని ముందుగా చేసియుండిన గొలుసు మెడలోనే యుండెడిది.

ఆ తరువాత కత్తి

కోయు యంత్రమును కటింగ్ ప్లాటరందురు. ఒక చిన్న కత్తిమొన బొమ్మ అంచు వెంబడి నడచుచు వినైలును మాత్రమే కోసి, వెనుక కాగితమును కోయక విడుచును. ఈ సున్నితమే దీని పనితనము. బల్లపై ఇముడు 12 అంగుళముల యంత్రములును, పాదములపై నిలుచు 24 అంగుళముల యంత్రములును సాధారణముగా దొరకును. ఇంటి పనికి మొదట చిన్నదే చాలును. కాని అంగడి అద్దములకు, బండ్లకు పెద్ద అక్షరములు కోయదలచినవారికి 24 అంగుళములది తప్పదు. ఏలయన వినైల్ చుట్టలు ఎక్కువగా 24 అంగుళముల వెడల్పుననే వచ్చును.

కొనునప్పుడు నాలుగు సంగతులు అడుగవలెను. ముద్రించిన గుర్తులను తానే చూచి, వానినిబట్టి బొమ్మ చుట్టును కోయగల కన్ను యంత్రమునకు ఉన్నదా? మనము వాడు కంప్యూటరు పనిముట్టుతో, అది కోరల్ డ్రా కానిండు, ఉచితముగా దొరకు ఇంక్‌స్కేప్ కానిండు, అది కలిసి పనిచేయునా? కత్తిమొనలు, ఉరుళ్లు అరిగినప్పుడు తిరుపతిలోగాని మద్రాసులోగాని దొరకునా? చెడినప్పుడు బాగుచేయువాడెవడు? నాల్గవదానికి బదులు దొరకనిచో, మిగిలిన మూడును బాగున్నను కొనకుండుటయే మేలు.

మామూలు వినైలునకు 45 డిగ్రీల కత్తిమొన వాడుదురు. దళసరి వానికి 60 డిగ్రీలది. ప్రతి క్రొత్త చుట్టకును మొదట ఒక చిన్న చతురస్రమును కోసి చూడవలెను. ముక్క సూదికి తేలికగా లేచి, క్రింది కాగితముపై సన్నని గీఱు మాత్రమే పడినచో అమరిక సరిపోయినట్లు. కాగితము తెగినచో కత్తి ఎక్కువ దిగినదని తెలిసికొని తగ్గింపవలెను.

ఒక హెచ్చరిక. లేజరు కిరణముతో కోయు యంత్రములో వినైలును ఎన్నడును పెట్టరాదు. వేడికి అది ఆమ్లపు పొగను విడుచును. ఆ పొగ ఊపిరితిత్తులకును యంత్రమునకును కూడ చేటు. ఈ కారణముచేతనే కత్తిరించగా మిగిలిన ముక్కలను పొయ్యిలోగాని పెరటి మంటలోగాని వేయరాదు.

తెలుగు అక్షరముల చిక్కు

ఇంగ్లీషు అక్షరములు చాలవఱకు గీతలు. మనవి సున్నలు, వంపులు, తలకట్లు, వత్తులు. "శ్రీ" అను ఒక్క అక్షరమునందే ఎన్ని మలుపులున్నవో చూడుడు. కంప్యూటరులో గుడియు, వత్తును వేఱు వేఱు బొమ్మలై ఒకదానిపై నొకటి ఎక్కి యుండును. తెరపై అది మనకు కనబడదు. కత్తికి మాత్రము తెలియును. రెండు గీతలు కలియు చోట అది అడ్డముగా కోసివేయును, అక్షరము ముక్కలగును. కావున కోయుటకు ముందు అక్షరములను గీతలుగా మార్చి, ఎక్కిన భాగములను ఒక్కటిగా కలిపి, తెరపై గీతలను మాత్రమే చూచుకొనవలెను. సన్నని అక్షరములను చిన్న కొలతలో కోయబోకుడు. సూదితో చుట్టు భాగము లాగునప్పుడు తలకట్టు కూడ లేచి వచ్చును. చిన్న అక్షరములు కావలెనన్నచో వానిని ముద్రించి, చుట్టును ఒక్క కోత కోయుట మంచిది.

తిరునామము కోయువారు మఱింత శ్రద్ధ వహింపవలెను. వడగలై నామ మొక తీరు, తెంగలై నామ మొక తీరు. అడిగినవారికి ఏది ఆచారమో కనుగొని, కాగితముపై చూపి, వారు సరేయన్న పిమ్మటనే కోయుడు.

కడపట ముద్రణ

ఒకే రంగు అక్షరములకు, నామములకు ముద్రణ అక్కఱయే లేదు. రంగు వినైలును కోసిన చాలును. ఇంటి పని వీనితోనే మొదలుపెట్టవచ్చును. పలురంగుల బొమ్మలకు మూడు మార్గములున్నవి. ఇంటిలోని ఇంక్‌జెట్ యంత్రముతో తగిన వినైల్ షీటుపై ముద్రించుట మొదటిది. ఇందు డై సిరా ఎండకు త్వరగా వెలియును, పిగ్మెంట్ సిరా మేలు. పైన పారదర్శకమైన లామినేషను పొర వేయక ఏదియు నీటికి నిలువదు. రెండవది, "ఎకో సాల్వెంట్" సిరాతో ముద్రించు పెద్ద యంత్రము. బొమ్మ చక్కగా వచ్చును, బయట మన్నును. కాని దాని ధర లక్షలలో. అంతేగాక పని లేక ఊరక నిలిపినచో సిరా ఎండి దాని సన్నని రంధ్రములు పూడిపోవును. ఉత్సవముల నెలలో ఊపిరాడక, ఆ తరువాత రోజులకొలది బేరము లేక యుండు ఇంటికి ఇది తగినది కాదు. పేరులో ఎకో అనియున్నను దాని ఆవిరి పసిపిల్లలున్న గదికి మంచిది కాదు.

మూడవ మార్గము మాకు నచ్చినది. బొమ్మను ఇంటిలో సిద్ధపఱచి, మన కోతయంత్రమునకు కావలసిన గుర్తులను చేర్చి, పట్టణములో ముద్రించువారికిచ్చి ముద్రింపించుకొని, కోతను ఇంటిలో చేసికొనుట. సిరా పూర్తిగా ఆఱుటకు ఒక దినము విడిచి, ఆ పిమ్మట లామినేషను వేయుమని వారికి చెప్పుడు. తడి యుండగనే మూసినచో జిగురు చెడును. క్రింది వినైల్ ఏ రకమో పై పొరయు ఆ రకమే యుండవలెను. లేనిచో ఒకటి ముడిచి ఒకటి ముడువక అంచులు చుట్టుకొనును.

చట్టము, కొండ నియమము

అడిగిన ప్రతిదానిని కోసి యిచ్చుట తగదు. బండి నంబరు పలకపై పేర్లు, బొమ్మలు అంటింపరాదు. 2019 ఏప్రిల్ 1 మొదలు క్రొత్త బండ్లకు భద్రతా పలకలే వచ్చుచున్నవి. కారు ముందు వెనుక అద్దములు నూటికి 70 పాళ్లు, ప్రక్క అద్దములు 50 పాళ్లు వెలుతురును రానీయవలెనని మోటారు వాహన నియమము. నల్లని పొరలను గూర్చి సుప్రీం కోర్టు 2012లో కఠినముగా తీర్పు చెప్పినది. డ్రైవరు చూపునకు అడ్డు వచ్చు బొమ్మ దేవునిదైనను ముందు అద్దముపై వలదని చెప్పుడు. "తిరుపతి లడ్డు" అను పేరు 2009లో భౌగోళిక గుర్తింపు పొందినది. మిఠాయి కొట్టువారెవరైన ఆ పేరుతో లేబులు అడిగినచో చేయకుడు.

తిరుమల కొండపై దేవస్థానమువారు 2022 జూన్ 1 మొదలు ప్లాస్టికును నిషేధించిరి. లడ్డూల కొఱకు మట్టిలో కలిసిపోవు సంచులు 2021లోనే వచ్చినవి. కావున కొండపై అమ్ము వస్తువులకు లేబులు అడుగువారికి వినైల్ గాక కాగితపు స్టిక్కరు ఈయుడు. ఒకనాడు ఒలిచి పాఱవేయు దానికి పదేండ్లు నిలుచు సరకేల? ఎండవానలకు నిలువవలసిన చోటనే వినైల్ వాడుట విజ్ఞత.

పెట్టుబడి

మొదటి ఆరు నెలలకు చిన్న కోతయంత్రము, నాలుగు రంగుల పాలిమెరిక్ చుట్టలు, ట్రాన్స్‌ఫర్ టేపు, సూదులు, ఒత్తి అంటించు స్క్వీజీ పలక, కోతకు రబ్బరు చాప: ఇంతకు మించి కొనవలదు. గొలుసు కుదువబెట్టుటకు ముందు బ్యాంకులో ముద్రా ఋణమును గూర్చి అడుగుడు. 2015లో మొదలైన ఆ పథకమున శిశు అను తరగతిలో 50,000 రూపాయల వఱకు హామీ లేకయే ఇచ్చెదరు. బేరము నిలిచిన పిమ్మట పెద్ద యంత్రమును గూర్చి ఆలోచింపవచ్చును.

అంటించుటయు పనిలో భాగమే. మధ్యాహ్నపుటెండలో కాగిన రేకుపై జిగురు తాకినంతనే పట్టుకొని మరల సరిదిద్దనీయదు. తెల్లవాఱి నీడలో, నూనె మఱకలు తుడిచి, తడి లేకుండ ఆరనిచ్చి, మధ్యనుండి అంచులకు ఒత్తుచు అంటింపవలెను. ఒక దినము వఱకు కడుగవలదని కొనువారికి చెప్పుడు.

మా వీధి సోదరి ఆ పెద్ద యంత్రమును నష్టమునకు అమ్మి, చిన్న కోతయంత్రముతో మరల మొదలుపెట్టినది. గొలుసింకను విడిపింపవలసియే యున్నది. మొదట ఆమె చేసిన పని, ఆ వృద్ధుని యింటికి పోయి, మంచి వినైలుతో కోసిన నామమును ఉదయపు వేళ తన చేతితో అంటించి వచ్చుట. నేడు ఆమె అమ్ము ప్రతి పొట్లముపైనను ఒక్క వాక్యము వ్రాసియుండును: "పాతబడినప్పుడు త్రోవలో పడవేయక మాకు తిరిగి తెచ్చి యిండు." తెచ్చినవానిని ఆమె ఒక డబ్బాలో భద్రపఱచుచున్నది. ఆ డబ్బా నిండుటకు ఎన్నేండ్లు పట్టునో, అదియే తన పనికి కొలత అని ఆమె మాతో చెప్పినది.